అయిదు లీటర్ల మేక

పసుపు ఖరీదుదారు కుప్ప ముందు కూర్చుని కొమ్ము ఒకటి తీసి పుటుక్కున విరుస్తాడు. లోపలి రంగు చూస్తాడు. ఇంకొకటి విరుస్తాడు. మొహం చిట్లిస్తాడు. ఆ చిట్లింపుకే క్వింటాలు మీద వందలు ఎగిరిపోతాయి. తొమ్మిది నెలలు పెంచిన పంటను కళ్లముందే ఇట్లా విరిపించుకుని వచ్చిన నిజామాబాద్ జిల్లా ఆలూర్ రైతు, అదే రాత్రి మంచం మీద పడుకుని ఫోన్‌లో అర నిమిషం వీడియో చూసి పాలమేకకు అడ్వాన్సు కొట్టేస్తాడు. విరిచి చూసేది లేదు, పిండి చూసేది అంతకన్నా లేదు.

వీడియోలో ఏముంటుంది? చిలుకముక్కు, జానెడు వేలాడే చెవులు, మెడలో బంతిపూల దండ. పక్కన నల్ల కళ్లద్దాలతో యజమాని. ‘ఒరిజినల్ జమునాపారి అన్నా. రోజుకు అయిదు లీటర్లు. గుణమంటవా, చంటిపిల్లనే!’ జమునాపారి పుట్టిల్లు ఉత్తరప్రదేశ్‌లోని ఎటావా జిల్లా, చకర్‌నగర్ ప్రాంతం. మథుర దగ్గర మఖ్దూమ్‌లో 1979 నుంచి కేంద్ర మేకల పరిశోధన సంస్థ ఉంది. అక్కడ ఈ జాతిని ఏరి, మేపి, పాలు కొలిచి రాస్తారు. అంత చేసినా వాళ్ల సగటు రోజుకు లీటరు చుట్టూనే తిరుగుతుంది. అదే మేక లారీ ఎక్కి గోదావరి దాటేసరికి అయిదు లీటర్లకు ఎదుగుతుంది. శాస్త్రవేత్తలకు నలభై ఏళ్లు దాటినా చేతకాని పని లారీ డ్రైవర్ రెండు రాత్రుల్లో చేసిపెడుతున్నాడు. పద్మశ్రీ ఇవ్వాల్సింది అతనికి.

ఇంకో వీడియోలో మెడకింద వేలాడే లోలకులను పట్టి చూపిస్తూ ‘ఇవి రెండు ఉన్నయంటే పాలకు తిరుగులేదు’ అంటాడు ఒకాయన. పనికిమాలిన దానికి మన జాతి తరతరాలుగా చెప్పుకున్న ఉపమానమే మేకమెడ చన్ను. దానికీ రేటు కట్టి అమ్ముతున్నాడంటే ఆయన వ్యాపారానికి దండం పెట్టాల్సిందే.

సానెన్ సంగతి మరీ ముచ్చట. స్విట్జర్లాండ్ లోయ పేరు పెట్టుకున్న తెల్లమేక. చల్లని దేశాల్లో, మంచి మేత మీద రోజుకు మూడు లీటర్లు దాటి ఇవ్వడం దానికి మామూలే, కాదనను. కానీ మే నెలలో నిజామాబాద్ ఎండ 45 డిగ్రీలు తాకినప్పుడు ఆ పాలిపోయిన చర్మపు మేక ఏం చేస్తుంది? నీడ వెతుక్కుని రొప్పుతుంది. దానికి కూలర్ పెడతారు. కరెంటు పోతే ఇన్వర్టర్. మేక పక్కనే చల్లగా పడుకుని యజమాని లాభం లెక్క వేసుకుంటాడు.

ఇక ‘చంటిపిల్ల గుణం’ దగ్గరికొద్దాం. అమ్మేరోజు మేక కదలకుండా నిలబడటానికి చాలా కారణాలు ఉంటాయి. రాత్రంతా బండిలో నిలబడి వచ్చి ఉంటుంది. జ్వరంతో ఉండొచ్చు. ముందురోజు పొద్దున్నుంచి పిండకుండా వదిలేస్తే పొదుగు బిర్రుగా ఉబ్బి, నడవడానికే బాధపడుతుంది. ఆ ఉబ్బిన పొదుగునే ఫోటో తీస్తారు. కొనేవాడు ‘అబ్బ, ఏం పొదుగు!’ అంటాడు. ఆ మేక నోరుంటే ‘అబ్బా, ఎవడన్నా పిండండ్రా!’ అనేది. బర్రెను కొనేటప్పుడు ఇదే ఆలూర్ మనిషి మూడు పూటలు పిండనిదే పలుపు ముట్టడు. మొదటి పూట పాలు లెక్కలోకే తీసుకోడు, అవి నిలవ పాలని తెలుసు గనుక. దూడ లేకుండా చేపుతుందా, కొత్త చేయి పడితే తంతుందా, అన్నీ చూస్తాడు. మేక దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడ పోతుందో!

నిజంగా గుణం చూసి ఏరేవాడు మనకు లేకపోలేదు. మందను మేపే గొల్లాయన్ని అడగండి. తన్నే మేక ఏదో, పిల్లను దగ్గరికి రానియ్యనిది ఏదో, రెండు పిల్లలను సాకి కూడా ఇంటికి గ్లాసెడు పాలిచ్చేది ఏదో చీకట్లో కూడా చెప్తాడు. తన్నేది, పిల్లను తరిమేది ముందుగా కటికాయన దగ్గరికి పోతుంది. మంచి తల్లి కడుపున పుట్టిన పోతుపిల్లనే మందకు ఉంచుకుంటాడు. ఇంతకన్నా కచ్చితమైన ఎంపిక ఏ ఫారంలోనూ నేను చూడలేదు. పాపం, ఆయన దగ్గర నల్ల కళ్లద్దాలు లేవు.

అంకాపూర్, ఆర్మూర్, ఆలూర్ చుట్టుపక్కల వాళ్లకు వంశం గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. మక్క విత్తనం పండించే చేలో ఆడ వరసలు ఎన్ని, మగ వరసలు ఎన్ని, పక్క చేను ఎంత దూరం ఉండాలి, కేళీలు ఎప్పుడు ఏరాలి, ఇవన్నీ వేళ్ల మీద చెప్తారు. ఒక్క వేరే మొక్క పుప్పొడి పడితే పంటంతా కొనేవాడు తిప్పి పంపిస్తాడని తెలుసు. ఆ మనుషులే మేకపోతు తల్లి ఎన్ని పాలిచ్చిందో అడగరు. అడిగితే ‘అదేందన్నా, మొహం చూస్తే తెలుస్తలేదా?’ అని గదుముతాడు అమ్మేవాడు. మేకపోతు గాంభీర్యం మీద వంశవృక్షం నడుస్తోంది.

సరే, పాలమేకలున్న ఫారానికే ఫోన్ చేసి అర లీటరు మేకపాలు కావాలని అడిగి చూడండి. ‘పాలా? పిల్లలకే సరిపోతలేవు సార్. జోడీ కావాలంటే చెప్పుర్రి, పంపిస్త.’ పరిశ్రమ మొత్తం ఆ ఒక్క జవాబులో ఉంది. ఇక్కడ అమ్మేది పాలు కాదు, పాలమేక. కొన్నవాడు కూడా పాలు అమ్మడు, పిల్లల్ని ఇంకొకడికి అమ్ముతాడు. చివరివాడు దొరికేదాకా అందరికీ లాభమే. ఈమూ పక్షులు ఇట్లాగే ఇంటింటికీ జోడీలుగా తిరిగాయి. 2012లో తమిళనాడులోని పెరుందురైలో ఆ బుడగ పగిలాక, ఆ పక్షికి మేత వేయలేక, అమ్ముకోలేక మన రైతులూ తలపట్టుకున్నారు. ఇప్పుడు మేకకూ ‘బైబ్యాక్’ ఒప్పందం బాండు పేపరు మీదే రాసిస్తున్నారు. 2008లో ఎర్రజొన్న బకాయిల కోసం రోడ్డెక్కిన ప్రాంతానికి, పసుపు బోర్డు కోసం 2019లో 178 మంది రైతులు ఎంపీ ఎన్నికల్లో నిలబడ్డ జిల్లాకు, బాండు పేపరు విలువ కొత్తగా చెప్పాలా?

పాలు అమ్మేవాడు ఒక్క కాలంలో మాత్రం కనిపిస్తాడు: డెంగీ కాలంలో. మేకపాలు తాగితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని పుకారు లేస్తుంది, ధర చుక్కలంటుతుంది. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయి, గండం గడిచాక వాటంతట అవే పెరుగుతాయి. మేక ఆ సమయానికి సరిగ్గా వచ్చి పేరు కొట్టేస్తుంది. పైగా ‘పచ్చిపాలే తాగాలి, కాస్తే గుణం పోతది’ అని సలహా. ఇది విన్నప్పుడల్లా నాకు మాల్టా గుర్తొస్తుంది. అక్కడి బ్రిటిష్ సైనికులను ఏళ్ల తరబడి పీడించిన జ్వరం మేకల పచ్చిపాల ద్వారా వస్తోందని థెమిస్టోక్లిస్ జమ్మిట్ 1905లో కనిపెట్టాడు. మరుసటి ఏడు సైన్యానికి ఆ పాలు ఆపేస్తే జ్వరాలు అమాంతం పడిపోయాయి. అదే బ్రూసెల్లోసిస్. డెంగీ పోగొట్టుకుందామని దాన్ని కొని తెచ్చుకుంటున్నాం, అదీ రెట్టింపు ధరకు. (పోస్టర్ మీద గాంధీగారి బొమ్మ తప్పనిసరి. పాలు తాగనని ఒట్టు పెట్టుకున్న ఆయన, జబ్బుపడ్డప్పుడు కస్తూర్బా మాట మీద మేకపాలకు ఒప్పుకున్నారు. ఒట్టు మాట నిలిచింది గానీ దాని ఆత్మ పోయిందని తానే రాసుకున్నారు. అయిదు లీటర్లని మాత్రం ఎక్కడా రాయలేదు.)

మనకు లెక్కలు రాయడం రాదని ఎవరూ అనలేరు. 2017లో తెలంగాణలో మొదలైన గొర్రెల పంపిణీలో యూనిటుకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు అని ఎంత అందంగా రాశారంటే, కాగ్ తనిఖీకి వచ్చి చూస్తే కొన్ని మందలు బైకుల మీద, అంబులెన్సుల్లో ప్రయాణించినట్టు తేలింది. రాత బ్రహ్మాండం. రాయాల్సింది మాత్రం అది కాదు. 2019 పశుగణనలో తెలంగాణకు దాదాపు 49 లక్షల మేకలు లెక్కకొచ్చాయి. వాటిలో పాలు తూచి రాసిన మేకలెన్నో వెతకడానికి భూతద్దం కావాలి. ఫ్రాన్స్‌లో నమోదైన మందల్లో పాలు తూస్తారు, వెన్న, ప్రోటీను కొలుస్తారు, పోతు విలువను దాని కూతుళ్ల పాలతో కడతారు. అక్కడ మొహం చూసి రేటు చెప్పడం మొదలుపెట్టలేదు. వెనకబడ్డ దేశం.

కూతుళ్ల పాలతో అన్నాను కదా. ఇవాళ పోతును మందలోకి వదిలితే అయిదు నెలలకు పిల్లలు. ఆ ఆడపిల్ల ఏపుగా పెరిగి చూడి కట్టడానికి ఇంచుమించు ఏడాది. మళ్లీ అయిదు నెలలకు ఈత. పాలు ఎండేదాకా తూచి రాయడానికి ఇంకొన్ని నెలలు. అంటే పోతు మంచిదో కాదో తేలడానికి రెండున్నరేళ్ల దాకా పడుతుంది, అదీ ఎవరైనా ఓ నోటు పుస్తకం, ఓ తూకం కాటా కొని పెట్టుకుంటే. అప్పటికి నల్ల కళ్లద్దాల అన్న ఛానెల్‌లో డ్రాగన్ ఫ్రూట్ నడుస్తుంటుంది.