ఫాంటు మహిమ

ఫాంటు మారిస్తే చదివేవాడి మనసు మారుతుందట. డబ్బు పుచ్చుకుని మరీ ఈ సంగతి చెప్పే నిపుణులున్నారు. వాళ్ల దగ్గర రుజువూ ఉంది. 2012లో ఎరల్ మోరిస్ అనే సినిమా దర్శకుడు ఒకే మాటను ఆరు ఫాంట్లలో న్యూయార్క్ టైమ్స్ పాఠకులకు చూపించి, నమ్ముతారా లేదా అని అడిగాడు. దాదాపు 45 వేలమంది జవాబిస్తే, బాస్కర్‌విల్ ఫాంటు వెంట్రుకవాసి తేడాతో గెలిచింది. ఆ వెంట్రుకను పట్టుకునే మనవాళ్లు కొండెక్కుతున్నారు.

2018లో మెల్‌బోర్న్‌లో ఇంకో ఫాంటు పుట్టింది, శాన్స్ ఫర్గెటికా. అక్షరాలు అక్కడక్కడా తెగి ఉంటాయి కాబట్టి కష్టపడి చదువుతారు, అందుకే బాగా గుర్తుంటుంది అన్నారు. రెండేళ్లు తిరక్కుండానే వేరే పరిశోధకులు పరీక్షించి, అదేమీ లేదని తేల్చారు. మమ్మల్ని అడిగుంటే ముందే చెప్పేవాళ్లం. విరిగిన అక్షరాలకే జ్ఞాపకశక్తి పెరిగేటట్టయితే కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో తిరిగేవాళ్లకు మరుపన్నదే ఉండకూడదు. అక్కడ తలెత్తితే ఫ్లెక్సీల మీద ‘జన్‌మదిన శుభాకాంక్‌షలు’. ఫోటోషాప్‌లో మన లిపికి కావలసిన సెట్టింగు పెట్టకపోతే వత్తు ఊడి పక్కన కూచుంటుంది. పాత డీటీపీవాళ్లు ఇంకా అను ఫాంట్లను వదలనిది ఇందుకే. పోనీ అక్షరాలైనా కొంచెం పెంచవయ్యా అంటే ఫ్లెక్సీ చేసే కుర్రాడి జవాబు సిద్ధం: “అక్షరం పెంచల్లంటే ఫోటో తగ్గించల్ల. ఎవురి ఫోటో తగ్గించల్లో నువ్వే చెప్పన్నా!”

పత్తికొండ దగ్గర ఎర్రగుడి బండ మీద అశోకుడి శాసనం ఉంది. అందులో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. బ్రాండు దెబ్బతింటుందని చక్రవర్తికి చెప్పే నిపుణుడు ఆనాడు లేకపోయాడు. నంద్యాల కృష్ణరాజుకు కళాపూర్ణోదయం అంకితమిచ్చిన పింగళి సూరన, రాఘవపాండవీయంలో ఒక్కో పద్యంతోనే రామకథా భారతకథా రెండూ చెప్పాడు. ఫాంటు మార్చలేదు. ఇప్పుడు ఆయన పేరుతోనే ఒక ఫాంటుంది, వాడుకోండి.

ఫాంటుతో ఏమీ కాదని నేననను. తెలుగులో వత్తు పంక్తి కిందికి వేలాడుతుంది, గుడి నెత్తిన కూచుంటుంది. కాగితం మిగలాలని పంక్తులు దగ్గరికి నొక్కితే పైవాడి వత్తు కిందివాడి గుడిలో దూరుతుంది. కడప జిల్లాలో శనగకో వేరుశనగకో అప్పు తీసుకునే రైతు ముందు పెట్టే షరతుల కాగితం చూడండి. అప్పు ఎంతో చెప్పే అంకె లావుగా ఉంటుంది. కట్టకపోతే ఏమవుతుందో చెప్పే పేరా చీమల బారు. దాన్ని కూర్చినవాడు ఏ నిపుణుడి పాఠమూ వినలేదు, అయినా పని జరిగిపోతోంది.

ఆ కాగితానికి బాస్కర్‌విల్ అందం అక్కర్లేదు. వత్తులు విడిగా కనిపించే పెద్దక్షరాల ప్రతి ఇమ్మని అడగండి. ఇచ్చేదాకా పెన్ను జేబులోంచి తీయకండి.