ఏటీ అండ్ టీ ఆస్తులు: ఉన్నవి, ఉండి పోయినవి

ఏటీ అండ్ టీ అమెరికాలోని డాలస్ నగరం కేంద్రంగా నడిచే టెలిఫోన్ సంస్థ. దాని ఆస్తులను రెండు వరసల్లో రాస్తారు: ప్రస్తుతం ఉన్నవి, ఒకప్పుడు ఉన్నవి. మొదటి వరస చిన్నది. రెండోది చదవడానికి ఓపిక కావాలి. ఏ ఆస్తి అయినా మొదటి వరసలో చేరిన రోజు వెలువడే ప్రకటనలో 'దూరదృష్టి' ఉంటుంది; రెండో వరసకు మారిన రోజు ప్రకటనలో 'ప్రధాన వ్యాపారంపై దృష్టి' ఉంటుంది. ఈ రెండు దృష్టుల నడుమ గడిచే కాలాన్ని సినర్జీ అంటారు. ఒకటీ ఒకటీ కలిస్తే మూడవుతుందన్న నమ్మకం అది. దీని వల్ల లాభపడినవారు లేకపోలేదు. కలిపేటప్పుడు ఒక ఫీజు, విడదీసేటప్పుడు ఇంకో ఫీజు తీసుకునే బ్యాంకర్లకూ న్యాయవాదులకూ సినర్జీ ఏనాడూ అన్యాయం చేయలేదు.

అసలీ సంస్థ ఎవరిదన్నదే కాస్త చిక్కు ప్రశ్న. అమెరికా ప్రభుత్వం గుత్తాధిపత్యంపై వేసిన దావా ఫలితంగా 1984 జనవరి 1న పాత ఏటీ అండ్ టీ నుంచి స్థానిక టెలిఫోన్ వ్యాపారం ఏడు ప్రాంతీయ కంపెనీలుగా విడిపోయింది. వాటిలో ఒకటైన సౌత్‌వెస్టర్న్ బెల్ తర్వాత ఎస్‌బీసీగా పేరు మార్చుకుని, 2005లో సుమారు 1,600 కోట్ల డాలర్లకు మాతృసంస్థనే కొనేసి, దాని పేరు తాను పెట్టుకుంది. అంటే 2005కు ముందున్న ఏటీ అండ్ టీ వేరు, ఇప్పుడున్నది వేరు. అలవాట్లు మాత్రం పేరుతో పాటు వారసత్వంగా సంక్రమించాయి.

ఆ అలవాట్లకు తొలి పెద్ద ఉదాహరణ ఎన్‌సీఆర్. నగదు రిజిస్టర్లూ ఏటీఎంలూ తయారుచేసే ఈ కంపెనీ 'మేము అమ్మం' అని గట్టిగానే చెప్పింది. ధర పెంచి, పట్టుబట్టి, 1991లో 700 కోట్ల డాలర్లకు పైగా పోసి కొన్నారు. ఫోనూ కంప్యూటరూ ఒకటి కాబోతున్నాయన్నది అప్పటి సిద్ధాంతం. సిద్ధాంతం తప్పు కాదు. ఇవాళ అందరి జేబుల్లోనూ ఉన్నది అదే. కాకపోతే దాన్ని తయారుచేసింది వీళ్లు కాదు. 1994లో ఎన్‌సీఆర్ అన్న పాత పేరు తీసేసి 'గ్లోబల్ ఇన్ఫర్మేషన్ సొల్యూషన్స్' అని పెట్టారు. 1996లో మళ్లీ ఎన్‌సీఆర్ అని మార్చి, ఆ ఏడాది చివర్లో వదిలించుకున్నారు.

తర్వాత వంతు కేబుల్ టీవీది. ఒకే తీగ మీద ఫోనూ టీవీ ఇంటర్నెట్టూ నడుపుతామని అధిపతి మైకేల్ ఆర్మ్‌స్ట్రాంగ్ హయాంలో 1999లో టీసీఐనీ, 2000 జూన్‌లో మీడియావన్‌నూ కొన్నారు. రెంటికీ కలిపి అయింది 9,000 కోట్ల డాలర్లకు పైమాటే. మీడియావన్‌తో పాటు టైమ్ వార్నర్ ఎంటర్‌టైన్‌మెంట్‌లో సుమారు నాలుగో వంతు వాటా కూడా వచ్చింది. ఈ వాటాను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. మీడియావన్ చేతికొచ్చిన నాలుగు నెలలకే కంపెనీని ముక్కలు చేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. 2002లో ఆ కేబుల్ వ్యాపారం మొత్తం, టైమ్ వార్నర్ వాటాతో సహా, కామ్‌కాస్ట్ చేతికి పోయింది. టీసీఐని అమ్మిన జాన్ మలోన్ పేరు ఈ కథ చివర్లో మళ్లీ వస్తుంది.

తెలుగు నేలకూ ఈ జాబితాలో ఒక పంక్తి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సెల్‌ఫోన్ సేవలు నడిపిన టాటా సెల్యులార్, మహారాష్ట్ర, గుజరాత్‌లలో నడిపిన బిర్లా ఏటీ అండ్ టీతో కలిసింది. ఆ కూటమే 2002లో ఐడియా అన్న బ్రాండుగా జనంలోకి వచ్చింది. భారత్‌లో మొబైల్ విప్లవం ఊపందుకుంటున్న 2005లో, అమెరికన్ భాగస్వామి వాటాను టాటాలూ బిర్లాలూ చెరి సగం పంచుకుని కొనేశారు. ఆ తర్వాత పదేళ్లలో ఇక్కడ సెల్‌ఫోన్ లేని మనిషి కోసం వెతుక్కోవలసి వచ్చింది. దూరదృష్టి దూరం చూస్తుంది, దగ్గరది దానికి ఆనదు.

కొన్నవాటితో, అమ్మినవాటితో పాటు కొనలేకపోయినదానికీ ఈ పద్దులో చోటివ్వాలి. 2011 మార్చిలో టీ-మొబైల్ అమెరికా వ్యాపారాన్ని 3,900 కోట్ల డాలర్లకు కొంటామన్నారు. ప్రభుత్వం అడ్డుపడింది. డిసెంబరులో విరమించుకున్నారు. ఒప్పందం ప్రకారం విరమణకు పరిహారంగా ఎదుటి పక్షానికి 300 కోట్ల డాలర్ల నగదు, దాంతోపాటు స్పెక్ట్రం, రోమింగ్ సదుపాయం ఇవ్వవలసి వచ్చింది. నీరసంగా ఉన్న పోటీదారుకు పెట్టుబడీ గాలితరంగాలూ సమకూర్చి, దారి ఖర్చులు కూడా ఇచ్చి సాగనంపారన్నమాట. 2020లో స్ప్రింట్‌ను కలుపుకున్న టీ-మొబైల్, వినియోగదారుల సంఖ్యలో ఏటీ అండ్ టీని దాటింది.

ఇళ్లలో కేబుల్ కనెక్షన్లు తీయించేసుకుని జనం నెట్‌ఫ్లిక్స్‌కు మళ్లుతున్న కాలంలో, 2015 జులైలో, డిష్ యాంటెనా వ్యాపారమైన డైరెక్‌టీవీని కొన్నారు. అప్పులతో కలిపి 6,700 కోట్ల డాలర్లు. ప్రపంచంలోకెల్లా పెద్ద పే టీవీ సంస్థ తమదేనని ఘనంగా చాటుకున్నారు. తుపాను వస్తుంటే ఊళ్లోకెల్లా పెద్ద పూరిల్లు కొన్నామన్నట్టు. అమెరికాలో 2.5 కోట్లకు పైగా ఉన్న టీవీ చందాదారులు 2021 నాటికి 1.54 కోట్లకు దిగారు. ఆ ఏడాది 30 శాతం వాటాను టీపీజీ అనే పెట్టుబడి సంస్థకు అమ్మినప్పుడు మొత్తం వ్యాపారానికి కట్టిన విలువ 1,625 కోట్ల డాలర్లు. మిగతా 70 శాతానికి 760 కోట్లు ఒప్పుకుని 2025 జులైలో చేతులు దులుపుకున్నారు.

అన్నిటికన్నా పెద్ద పద్దు టైమ్ వార్నర్. 2000లో ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్‌తో పెళ్లి కుదుర్చుకుని, 2002లో 9,800 కోట్ల డాలర్లకు పైగా నష్టం చూపి అమెరికా వ్యాపార చరిత్రకెక్కిన సంస్థ ఇదే. ఆ పాఠం పుస్తకాల్లో పదిలంగా ఉండగానే, 2016 అక్టోబరులో రాండల్ స్టీఫెన్‌సన్ నాయకత్వంలోని ఏటీ అండ్ టీ దీన్ని 8,540 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అప్పులు అదనం. హెచ్‌బీఓ, సీఎన్‌ఎన్, వార్నర్ బ్రదర్స్ స్టూడియో, తెలుగు పిల్లలు తెలుగు మాటలతో చూసిన కార్టూన్ నెట్‌వర్క్, అన్నీ ఆ మూటలోవే. ఎప్పుడో నాలుగో వంతు చేతిలో ఉండగా వదిలేసుకున్నది కూడా ఈ ఇంటి సొత్తే.

ఈ రెండూ కలిస్తే పోటీదారులు బతకలేరంటూ న్యాయశాఖ కోర్టుకెక్కింది. కలవకపోతే నెట్‌ఫ్లిక్స్, గూగుల్‌ల ముందు తామే బతకలేమని కంపెనీ వాదించింది. జడ్జి రిచర్డ్ లియాన్ 172 పేజీల తీర్పులో ఏ షరతూ లేకుండా అనుమతించారు. 2018 జూన్ 14న విలీనం పూర్తయింది. ఆ ఏడాది చివరికి కంపెనీ అప్పు 17,000 కోట్ల డాలర్లు దాటింది. మరీ బలవంతులైపోతారని ప్రభుత్వం భయపడింది గానీ, ఆ భయానికి తగిన ఆధారం తర్వాత కూడా దొరకలేదు.

విలీనమైన కొద్ది రోజులకే జరిగిన ఒక సమావేశం ఈ సినర్జీ ఎలా పనిచేస్తుందో చూపిస్తుంది. టెలిఫోన్ సంస్థలోనే ఎదిగిన జాన్ స్టాంకీ హెచ్‌బీఓ ఉద్యోగుల ముందుకు వచ్చి, ప్రేక్షకులు వారానికి కొన్ని గంటలు చూస్తే చాలదు, రోజుకు కొన్ని గంటలు చూడాలన్నారు. తక్కువ తీసి బాగా తీయడంతో పేరు తెచ్చుకున్న సంస్థ అది. తాము డబ్బు సంపాదిస్తూనే ఉన్నామని దాని అధిపతి రిచర్డ్ ప్లెప్లర్ గుర్తుచేశారు. సంపాదిస్తున్నారు గానీ చాలినంత కాదని జవాబు వచ్చింది. టెలిఫోన్ లెక్కలో నిమిషాలు పెరిగితే బిల్లు పెరుగుతుంది. నాటకం నిడివి పెంచితే కునుకు పెరుగుతుంది. 2019 ఫిబ్రవరిలో ప్లెప్లర్ వెళ్లిపోయారు. స్టాంకీ 2020లో మొత్తం సంస్థకే అధిపతి అయ్యారు.

ఆ మధ్యలోనే చిల్లర అమ్మకాలు మొదలయ్యాయి. సొంత స్ట్రీమింగ్ పెట్టబోతూ, నడుస్తున్న హులూలో వాటాను 2019లో అమ్మేశారు. అదే ఏడాది న్యూయార్క్ హడ్సన్ యార్డ్స్‌లోని ఆఫీసును అమ్మి, అందులోనే అద్దెకు ఉన్నారు. ప్రకటనల విభాగానికి అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేరు మీదుగా 'జాండర్' అని నామకరణం చేసి, నాలుగేళ్లలో దాన్ని మైక్రోసాఫ్ట్‌కు అప్పగించారు. అనిమే స్ట్రీమింగ్ సేవ క్రంచీరోల్ సోనీకి పోయింది. 2020 మేలో అమెరికాలో హెచ్‌బీఓ మ్యాక్స్ స్ట్రీమింగ్ యాప్ మొదలైంది. డిసెంబరులో భారత్‌లో హెచ్‌బీఓ చానెల్ మూతపడింది. తర్వాత వచ్చిన కొత్త యజమానుల చేతిలో ఆ యాప్ 2023లో 'మ్యాక్స్' అయి, 2025లో మళ్లీ 'హెచ్‌బీఓ మ్యాక్స్' అయింది. పేరు మార్చి తిరిగి అదే పేరు పెట్టడంలో ఎన్‌సీఆర్ సంప్రదాయం అక్కడా కొనసాగినట్టే.

సొంతం చేసుకున్న మూడేళ్లు నిండకుండానే, 2021 మేలో, వార్నర్‌ను విడదీసి డిస్కవరీతో కలుపుతున్నట్టు ప్రకటించారు. 2022 ఏప్రిల్‌లో పని పూర్తయింది. ఏటీ అండ్ టీకి నగదు, రుణభారం తగ్గింపు కలిపి 4,040 కోట్ల డాలర్లు దక్కాయి. వాటాదారులకు కొత్త కంపెనీలో 71 శాతం షేర్లు వచ్చాయి. ఏటా షేరుకు 2.08 డాలర్లుగా ఉన్న డివిడెండు 1.11కు తగ్గింది. అప్పటి డిస్కవరీలో ప్రధాన వాటాదారుల్లో ఒకరు జాన్ మలోన్. 2025 డిసెంబరులో ఆ వార్నర్ కోసమే నెట్‌ఫ్లిక్స్, పారామౌంట్ పోటీ పడ్డాయి. సినర్జీ అన్న మాట మళ్లీ బజారుకెక్కింది.

ఇక ప్రస్తుతం ఉన్నవి. సెల్‌ఫోన్ సేవలు, ఇళ్లకు ఫైబర్ ఇంటర్నెట్, క్రికెట్ పేరుతో చౌక ప్లాన్లు, అత్యవసర సిబ్బంది కోసం నడిపే ఫస్ట్‌నెట్. సంస్థ తనకు తెలిసిన పనికే వచ్చి చేరింది. ఇందుకు 'ప్రధాన వ్యాపారంపై దృష్టి' చాలునని 2021 నుంచీ చెబుతున్నారు. 2025 మేలో లూమెన్ సంస్థ ఫైబర్ వ్యాపారానికి 575 కోట్ల డాలర్లు, ఆగస్టులో ఎకోస్టార్ స్పెక్ట్రానికి సుమారు 2,300 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు. ఈ రెండు పద్దులూ ప్రస్తుతానికి మొదటి వరసలోకి వస్తాయి.