ఎందుకొచ్చేస్తున్నాడట?

పటాన్‌చెరులో పిల్లాడు విదేశానికి పోతున్నాడంటే స్వీట్లు అడుగుతారు. తిరిగొస్తున్నాడంటే సంజాయిషీ అడుగుతారు. మావాడు ఇటలీలో ఎమ్మెస్సీ ముగించుకుని జనవరి రెండో వారంలో ఇంటికొస్తున్నాడని మా ఆవిడ పాలబ్బాయి దగ్గర నోరు జారింది. అది మొదలు లిఫ్టులో, కిరాణా కొట్టులో, కంపెనీ బస్సులో ఒకటే ప్రశ్న. "అవునా సార్? ఎందుకొచ్చేస్తున్నాడట?" అదీ గొంతు తగ్గించి, ఐసీయూ బయట పేషెంటు సంగతి వాకబు చేసినట్టు.

ఏం చదివాడని మాత్రం ఒక్కరూ అడగరు. కెమిస్ట్రీ. చదివింది పాదోవాలో. ఇక్కడ గణపతిదేవుడు రాజ్యమేలుతున్న రోజుల్లో, 1222లో మొదలైన విశ్వవిద్యాలయం. గెలీలియో పద్దెనిమిదేళ్లు పాఠాలు చెప్పిన చోటు. ఇదంతా బట్టీపట్టి రెండేళ్లుగా నాలుక చివర పెట్టుకుని తిరుగుతున్నా, అడిగే నాథుడు లేడు. అక్కడ డిగ్రీ చేతికొస్తే చాలు, 'దొత్తోరె' అంటారు. తలకు ఆకుల కిరీటం పెట్టి, వాడి మీద బొమ్మలూ బూతులూ గీసిన పోస్టరు వాడిచేతే నడివీధిలో చదివిస్తారు. ఈ నెల మొదట్లో వీడియో కాల్‌లో చూసి మా ఆవిడ ర్యాగింగ్ అనుకుని కంగారుపడింది. "డాక్టరయ్యాడట" అని నేను లిఫ్టులో గొప్పగా చెబితే, ఒకాయన మోకాళ్ల నొప్పికి ఏం వాడాలో కనుక్కోమన్నాడు.

బస్సులో నా పక్క సీటాయనకు పాస్‌పోర్టు లేదు గానీ అన్ని దేశాల వీసా రూల్సూ కంఠతా వచ్చు. "చదువైనంక ఏడాది దాకా జాబు ఎతుక్కునేతందుకు పర్మిట్ ఇస్తరు గద సార్! మీవోనికి ఎరుక లేదా?" ఎరుకే నాయనా. వాడికీ ఎరుకే.

కారణం అడగని పుణ్యాత్ములు ఇద్దరే. ఒకరు కింది ఫ్లోర్ ఆంటీగారు. "పాదువాపురి అంతోనివారి ఊరేనా!" అని పొంగిపోయి, ఆ గుడిలో తన పేరున ఒక కొవ్వొత్తి వెలిగించమన్నారు. రెండో ఆయన ఇస్నాపూర్‌లో ఇల్లు కడుతున్న మిత్రుడు. "ఎట్లనూ వస్తుండు గదా, ఆడ మార్బుల్ ఫుట్టు ఎంతుందో కనుక్కోమనుండ్రి" అన్నాడు.

ఆయన లెక్కలో ఇటలీ అంటే ఎక్కడ తవ్వినా పాలరాయే. అది దొరికే కరారా ఎక్కడో, మావాడుండే పాదోవా ఎక్కడో చెప్పాను. ఆ రాయి దిమ్మెలుగా ఓడెక్కి వచ్చి, రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో కోతపడి, పాలిష్ పడి, అక్కడి నుంచి లారీల్లో మనదాకా వస్తుందనీ చెప్పాను. ఇక్కడే తప్పులో కాలేశాడాయన. "అంటే నడిమిట్ల కిషన్‌గఢోళ్ల కమీషన్ మనకు మిగుల్తది!" విమానంలో పెట్టెకు 23 కిలోలే అన్నాను. జేబులోంచి ఫోన్ తీసి కాలిక్యులేటర్ నొక్కాడు. పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం, చదరపు అడుగు పలక, దాదాపు నాలుగున్నర కిలోలు. పెట్టెకు ఐదు. "రెండు పెట్టెలైతే పది. పూజగదికి సరిపోతయ్ సార్!" మరి పిల్లాడి బట్టలో? "ఒంటి మీద ఏసుకుంటడు. చలికాలమే గదా."

నిజానికి ఇటలీ పనితనం మనకు కొత్తేం కాదు. మెదక్ చర్చి చూడండి. కరువు రోజుల్లో పనిచేసినవాళ్లకు తిండిపెడుతూ పోస్నెట్ దొర పదేళ్లు కట్టించి, 1924 డిసెంబర్ 25న తలుపులు తెరిచిన గుడి. 2016 దాకా మనదీ మెదక్ జిల్లాయే కాబట్టి ఆ గొప్పలో మనకూ వాటా ఉంది. లోపలి రంగురాళ్ల గచ్చు పరిచింది ఇటలీ మేస్త్రీలేనంటారు. పరిచారు, కూలి తీసుకున్నారు, వాళ్ల ఊరికి వాళ్లు పోయారు. అక్కడ రచ్చబండ మీద ఎవరైనా వాళ్లను పట్టుకుని "మెదక్‌లోనే సెటిలవ్వొచ్చుగా, ఎందుకొచ్చేశావ్?" అని నిలదీశారా?

ఆ దేశంలో ఇప్పటికీ అడగరు. డిసెంబర్ 8న మొదలైన పండగ సందడి జనవరి 6 దాకా ఉంటుంది. క్రిస్మస్ దగ్గరపడేసరికి ఉత్తరాదిన చదువుకునే దక్షిణాది పిల్లలంతా పెట్టె సర్దుకుని రైలెక్కేస్తారు. హాస్టల్ ఖాళీ. మావాడు రూమ్మేట్ ఇచ్చిపోయిన పనెట్టోనె కేకు ముక్కను పాలల్లో ముంచుకు తింటూ వీడియో కాల్ చేస్తాడు. చలికాలంలో వాడి గడియారం మనకు నాలుగున్నర గంటలు వెనక. ఎండాకాలంలో మూడున్నరే. ఈ లెక్క నాకు ఎప్పుడూ తప్పుతుంది.

లెక్క అవసరం పడని రోజు ఒకటుంది. 2025 జూన్ 30. పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలి పదుల మంది పోయిన రోజు. మా కంపెనీ ఆ దగ్గర్లోనే. వాడు నిద్రలేచేసరికి ఫోన్ నిండా అదే వార్త. సాల్వెంట్లతో పని కాబట్టి మమ్మల్ని లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. గేటు దగ్గర లాకర్లో పెట్టి పోవాలి. బయటికొచ్చి చూసుకుంటే స్క్రీన్ కిందికి ఎంత జరిపినా వాడి మిస్డ్ కాల్సే. చేసి "బాగానే ఉన్నా రా" అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత "తిన్నవా నానా?" అన్నాడు. ఇంటికొస్తానన్న మాట వాడి నోట మొదట వచ్చింది ఆ తర్వాతి వారమే. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

కెమిస్ట్రీ చదివినవాడికి ఇక్కడ ఉద్యోగమంటే మళ్లీ ఈ బెల్టులోనే. బొల్లారమో, పాశమైలారమో, జిన్నారం వైపో. వాడి ఫోనూ పొద్దున్నే లాకర్లోకి పోతుంది. అది తలుచుకుంటే బస్సులో పక్క సీటాయన మీద మునుపటంత కోపం రావడం లేదు.

సంక్రాంతికి ఆయనా, పలకల లెక్క మిత్రుడూ ఇంటికి రాక మానరు. ఈసారి నేరుగా వాడినే అడుగుతారు. నేనూ అక్కడే కూర్చుంటా. వాడేం చెబుతాడో వినాలి.