నా చేతిలో లేదు సార్

హైదరాబాద్‌లో క్యాబ్ బుక్ చేయడమంటే పెళ్లిచూపులకు కూర్చోవడమే. ఫోన్ వస్తుంది. "అన్నా, డ్రాప్ ఏడికి? ఎంత చూపిస్తుంది? క్యాషా, ఆన్‌లైనా?" తలవంచుకుని జవాబులు చెప్తాం. మియాపూర్ అంటాం. ఆన్‌లైన్ అని కాస్త సిగ్గుపడుతూ ఒప్పుకుంటాం. అవతల ఒక్క క్షణం మౌనం. "వస్తున్నా అన్నా" అంటాడు. మ్యాపులో బొమ్మకారు మాత్రం ఉన్నచోటే నిలబడి, అటు తిరిగి, ఇటు తిరిగి, చివరికి మాయమవుతుంది. సంబంధం కుదరలేదన్నమాట.

కోపమొస్తే ఎవర్ని తిట్టాలి? డ్రైవర్‌ను తిట్టడం తేలిక, చేతికి దొరికేది అతనొక్కడే కాబట్టి. కానీ అతని లెక్క అతనికుంది. మనం కట్టిన ఆన్‌లైన్ సొమ్ము ముందు కంపెనీ గడప తొక్కి, అక్కడ కోతలు పెట్టించుకుని, మిగిలింది అతని దగ్గరికి వస్తుంది. బంకులో గ్యాస్ నింపేవాడు అందాకా ఆగడు. ఛార్జీ ఎంతో తేల్చింది అతను కాదు, ఆ ట్రిప్పు అతనికి అంటగట్టింది ఏ మనిషీ కాదు. అడిగి చూడండి, "నా చేతిలో లేదన్నా" అంటాడు. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో.

ఈ నగరానికి అధికారిక నినాదం ఏదైనా పెట్టాలంటే అదే పెట్టొచ్చు. బిర్యానీ చల్లారిపోయి వస్తే డెలివరీ కుర్రాడి చేతిలో లేదు. సర్వర్ డౌనయితే బ్యాంకు కౌంటర్లో అమ్మాయి చేతిలో లేదు. ఇంట్లో నెట్ పోయిందని ఫోన్ చేస్తే, మన కాల్ వాళ్లకెంత ముఖ్యమో ఓ రికార్డు గొంతు పావుగంట చెప్పాక మనిషి దొరుకుతుంది. ఆ మనిషి మన బాధ పూర్తిగా అర్థం చేసుకుని, ఏమీ చేయలేక, ఫోన్ పెట్టేస్తుంది. వెంటనే ఆమెకు ఎన్ని నక్షత్రాలిస్తారో చెప్పమని మెసేజ్. నిజంగా ఎవరి చేతిలో ఉందో వాడు ఎక్కడో ఉన్నాడు. వాడికి నక్షత్రాలు వేసే ఏర్పాటు ఎక్కడా లేదు.

మా అపార్ట్‌మెంట్ సంగతి చెప్పాలి. లిఫ్టు బాగుచేయడంపై మా అసోసియేషన్ మీటింగులు జరుగుతూనే ఉన్నాయి, లిఫ్టు మెట్ల పక్కన అలంకారంగా ఉంది. అందరూ ఫ్లాటు ఓనర్లే, అందరికీ ఓటుంది, వాట్సాప్ గ్రూపులో అందరికీ గుడ్‌మార్నింగ్‌లున్నాయి. ఏ వాల్వు తిప్పితే ఏ ట్యాంకు నిండుతుందో, మోటార్ ఎందుకు కాలుతుందో తెలిసిన మనిషి మాత్రం ఒక్కడే, వాచ్‌మన్. అతన్ని మీటింగుకు పిలవరు. పిలిచినా టీ కప్పులు తీయడానికి పిలుస్తారు.

పని తెలిసిన ఇలాంటివాళ్ల చేతికే పెత్తనమిస్తే పోలా అంటే మా పై అంతస్తు అంకుల్‌కు చిర్రెత్తుకొచ్చింది. "పనివాళ్లను ఓనర్లను చేస్తే పనెవరు చేస్తారయ్యా?" అన్నారు. ఆయన ముప్పై ఏళ్లు ప్రభుత్వోద్యోగం చేశారు కాబట్టి ఈ ప్రశ్న మీద ఆయనకు అధికారముంది. నేను బెంగళూరు గురించి చెప్పాను. కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసేసి, సర్వర్లను, వంటవాళ్లను ఇళ్లకు పొమ్మన్నప్పుడు, కమ్యూనిస్టు నేత ఎ.కె. గోపాలన్ అండతో ఆ సర్వర్లే సహకార సంఘాలు పెట్టుకున్నారు. మొదటిది 1957లో బెంగళూరులో, మరుసటేడు కేరళలో త్రిస్సూర్‌లో. ఇండియన్ కాఫీ హౌస్ అంటే ఇప్పటికీ అదే. కుచ్చు తలపాగాతో కాఫీ తెచ్చే మనిషి ఆ హోటల్లో వాటాదారు. "మరి అంత నిదానంగా తెస్తారేం?" అన్నారు అంకుల్. నిజమే, తెస్తారు. ఓనర్ కదా, ఓనర్ పరిగెత్తడం ఎక్కడైనా చూశామా?

నిదానం అందరికీ వర్తించదు లెండి. కొచ్చిలోని పాలారివట్టంలో 2016లో ఫ్లైఓవర్ ప్రారంభించి, పగుళ్లు కనిపించాయని 2019లో మూసేశారు. ఇలాంటివి మనకు కొత్త కాదు. తర్వాతి భాగమే కొత్త. దాన్ని తిరిగి కట్టే పని ఊరాళుంగల్ లేబర్ కాంట్రాక్ట్ సహకార సంఘానికి అప్పగిస్తే, ఆరు నెలలలోపే ముగించి 2021 మార్చిలో వాహనాలు వదిలారు. ఆ సంఘం 1925లో పుట్టింది. వాగ్భటానందుడనే సంస్కర్త వెంట నడిచారని భూస్వాములు కొందరు కూలీలకు పనులు మానిపిస్తే, "సరే, కాంట్రాక్టులు మేమే పడతాం" అన్నారు వాళ్లు. తవ్విన రోడ్డు పూడ్చడానికి మనవాళ్లకు ఎంత కాలం పడుతుందో ఆ పక్కన పెట్టి చూసుకోండి. పోలిక నేను చేయను, బీపీ పెరుగుతుంది.

అంత దూరం వద్దనుకుంటే వంటింట్లో డబ్బా తెరవండి. లిజ్జత్ అప్పడం 1959లో ముంబైలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టారు. పిండి ఇంటికి తీసుకెళ్లి ఒత్తి, మర్నాడు అప్పడాలు తెచ్చిచ్చే ఆ సోదరీమణులు ఇప్పుడు సుమారు 45 వేలమంది. లాభం వాళ్లకే. మగవాళ్లు జీతానికి పనిచేయొచ్చు కానీ సభ్యులు కాలేరు. ఇది విన్నాక అంకుల్ కాసేపు మాట్లాడలేదు.

తర్వాత మాట్లాడారు. మన ఊళ్లలో సొసైటీ అంటే యూరియా క్యూ, అధ్యక్షుడి బావమరిది గుర్తొస్తారన్నారు. పాతికేళ్ల కిందట హైదరాబాద్‌లో మునిగిన సహకార బ్యాంకుల్లో డిపాజిట్లు వేసినవాళ్లను అడగమన్నారు. ఒప్పుకుంటాను. కానీ ఆ బ్యాంకులు గుమాస్తాల చేతిలో లేవు, ఆ యూరియా సొసైటీ హమాలీల చేతిలో లేదు. ఇక పనివాళ్లదయితే మునగదా అంటే, మునుగుతుంది. స్పెయిన్‌లో 1956లో మొదలైన మోండ్రాగన్ ప్రపంచంలోకెల్లా పెద్ద కార్మిక సహకార సమాఖ్య. పై జీతానికీ కింది జీతానికీ మధ్య తేడా ఆరు రెట్ల ప్రాంతంలో ఆపుతారు. అయినా అందులోని ఫ్రిజ్‌ల కంపెనీ ఫాగోర్ 2013లో దివాలా తీసింది. అప్పుడు మిగతా సంఘాలు అక్కడి సభ్యుల్లో చాలామందికి తమ దగ్గర పనులు చూపించాయి. మన దగ్గర కంపెనీ మునిగితే శుక్రవారం సాయంత్రం ఈమెయిల్ వస్తుంది, సోమవారం గేటు దగ్గర ఐడీ కార్డు పనిచేయదు.

చట్టం లేదనడానికీ వీల్లేదు. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, దాని పెత్తనం లేకుండా సంఘం నడుపుకోవడానికి 1995లోనే పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేసుకున్నాం, అప్పటికి రాష్ట్రం ఇంకా ఒక్కటే. పొదుపు సంఘాలు దాన్ని బాగానే వాడుకున్నాయి. డ్రైవర్లు, ప్లంబర్లు, సెక్యూరిటీ గార్డులు ఎందుకు వాడుకోకూడదు?

మీ అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు రెన్యువల్‌కు వచ్చినప్పుడు, ఏజెన్సీకి మనం కట్టేదెంత, గార్డు చేతికి అందేదెంత అని ఒక్కసారి అడగండి. ఆ మధ్య సొమ్ము ఎవరికి పోతోందో తెలిశాక, అదే పనివాళ్లు సంఘంగా ఏర్పడితే కాంట్రాక్టు వాళ్లకే ఇద్దామని తీర్మానం పెట్టండి. ఆ మీటింగుకు వాచ్‌మన్‌ను కూడా పిలవండి. కుర్చీ వేసి.