జ్వరానికే మంజూరు

తొలకరి తర్వాత మంచి వాన పడిన మర్నాడు అనంతపురం జిల్లా ఆఫీసుల్లో జ్వరాలు ఎందుకు ప్రబలుతాయో వైద్యశాఖ పరిశోధించినట్టు లేదు. పరిశోధించనక్కర్లేదు కూడా, కారణం నేలలోనే ఉంది. ఇక్కడ ఏడాదికి సాధారణ వర్షపాతమే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. లోతు తక్కువ ఎర్రనేల, రెండు మూడు రోజులకే పదును ఆరిపోతుంది. ఆలోపు గొర్రు కట్టి శెనక్కాయ విత్తనం వేస్తే వేసినట్టు, లేకుంటే మళ్లీ మబ్బు వైపు చూడాల్సిందే. వానకు ఆదివారాలూ రెండో శనివారాలూ తెలియవు. అందుకని ఆ పొద్దు పొలమున్న గుమాస్తాకు ఒళ్లు కాలిపోతుంది, అటెండరుకు నడుం పట్టేస్తుంది, అయ్యవారికి విరేచనాలు పట్టుకుంటాయి. పదునారగానే అందరికీ నయం. ఇది చూసి ఉద్యోగులంతా అబద్ధాలకోరులని తిట్టిపోయడం సులువు. నిజానికి అబద్ధమాడేది దరఖాస్తు. ఉద్యోగి కింద సంతకం పెడుతున్నాడంతే. జబ్బు తప్ప వేరే కారణాన్ని ఒప్పుకోని కాగితం, జబ్బుల్ని పుట్టిస్తూనే ఉంటుంది.

దీనికి తర్ఫీదు బడిలోనే మొదలవుతుంది. మన పిల్లలకు ఇంగ్లీషులో ముందుగా నేర్పే ఉత్తరాల్లో లీవు లెటరు ఒకటి. అందులో ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అన్న వాక్యం తప్పనిసరి. పిల్లవాడు అవ్వగారి ఊరి జాతరకు పోయినా, ట్యాంకరు దగ్గర బిందెలకు కాపలా ఉన్నా, వలసపోయే అమ్మానాన్నల్ని బెంగళూరు బస్సెక్కించి వచ్చినా మర్నాడు అదే జ్వరం రాసి బల్ల మీద పెడతాడు. అయ్యవారికి సంగతి తెలుసు. అయినా స్పెల్లింగు దిద్దుతాడే తప్ప జ్వరం జోలికి పోడు. ‘శెనక్కాయ పెరికేదానికి పోయినా సార్’ అని ఉన్నదున్నట్టు చెప్పినవాడికి బెంచీ ఎక్కే యోగం. పదేళ్లు ఇలా నేర్పి, వాడు ఉద్యోగంలో చేరాక నిజాయితీ ఏదిరా అని నిలదీయడం మనకే చెల్లింది.

క్యాజువల్ లీవు (సీఎల్) ఉంది కదా, నిజం రాసి అదే వాడుకోవచ్చు కదా అంటారు. ఉంది, ఏడాదికి 15. కాకపోతే సీఎల్ హక్కు కాదు, పై అధికారి కుదరదంటే కుదరదు. ‘విత్తనం వేయాలి’ అని రాస్తే సొంత పనికి సెలవేమిటని కాగితం వెనక్కి రావచ్చు. డాక్టరు సర్టిఫికెట్ జతచేస్తే మాత్రం ఎవరూ కిక్కురుమనరు. నిబంధనల్లోనూ జబ్బుదే పైచేయి. ఏడాది సర్వీసుకు 20 రోజుల అర్ధజీతపు సెలవు జమవుతుంది. మెడికల్ పెడితే దాన్నే నిండు జీతానికి మార్చుకోవచ్చు, ఖాతాలో రోజులు రెట్టింపు తెగుతాయి. అంటే సొంత పని మీద పోయినవాడికి సగం జీతం, జబ్బుపడ్డవాడికి పూర్తి జీతం. ఈ లెక్క తెలిసీ ఆరోగ్యంగా ఉండేవాడికి సర్వీసు రూల్సు తెలియవనే అనుకోవాలి.

మరి భూమి కాగితం కోసం కంబదూరు నుంచి బస్సెక్కి వచ్చిన రైతు ఖాళీ కుర్చీకి దణ్ణం పెట్టి పోవాలా? ఇది గట్టి ప్రశ్నే. ఆ నష్టం నిజం, పక్క సీటువాడి మీద పడే బరువూ నిజం. అయితే అబద్ధం ఆ నష్టాన్ని పెంచుతోంది. ‘రేపు విత్తనానికి పోతున్నా’ అని చెప్పే వీలుంటే ఇన్‌చార్జిని ముందే వేయొచ్చు. జ్వరం చెప్పి రాదు కాబట్టి, జ్వరం పేరు పెట్టుకున్నవాడు పది దాటాకే ఫోను చేయాలి. 2022లో టీచర్లతో మొదలుపెట్టి రాష్ట్రంలో ముఖం చూసి హాజరు వేసే యాప్ తెచ్చారు. ముఖం వచ్చిందో లేదో అది చెప్పగలదు. ఎందుకు రాలేదంటే దానికీ జ్వరమనే చెప్పాలి.

ఇంతకంటే పెద్ద అన్యాయం ఉపాధి కూలీల హాజరు వేసే మస్టరులో ఉంది. దేశమంతటికీ ఉపాధి హామీ చట్టం అమలు మొదలైంది ఈ జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. పని చోట గాయపడి ఆసుపత్రిలో చేరితే కూలిలో సగానికి తగ్గకుండా భత్యమివ్వాలని ఆ చట్టం చెప్పింది. ఇంట్లో వచ్చిన జ్వరానికి మాత్రం పైసా లేదు. 2023 జనవరి నుంచి హాజరు పడాలంటే రోజుకు రెండు ఫోటోలు యాప్‌లోకి ఎక్కాలని నియమం పెట్టారు. అందువల్ల నిజంగా ఒళ్లు కాలిపోతున్న కూలి మనిషి పార పట్టుకుని ఫోటోకు నిలబడుతుంది, ఏ జ్వరమూ లేని గుమాస్తా కాగితం మీద ముసుగుతన్ని పడుకుంటాడు. పర్మనెంటు అయితే జబ్బు మంజూరు, రోజుకూలి అయితే ఆరోగ్యం తప్పనిసరి. దొంగ మెడికల్ లీవుల మీద మండిపడేవారు ఆ కోపంలో కాస్త దీనికీ కేటాయించాలి.

కారణం గుచ్చి గుచ్చి అడగకపోతే ఆఫీసులు ఖాళీ అవుతాయని భయం. బ్రిటన్‌లో ఏడు రోజుల దాకా జబ్బుకు డాక్టరు చీటీ అక్కర్లేదు, ఉద్యోగి తన మాటగా రాసిస్తే చాలు. అక్కడి ఆఫీసులు ఇంకా తెరిచే ఉన్నాయి. అసలు కారణం జబ్బు చాటున దాగితే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. 2024 మేలో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ సిబ్బంది చాలామంది ఒక్కసారే జబ్బుపడి పదుల కొద్దీ విమానాలు రద్దయ్యాయి. కంపెనీ పాతికమందిని తీసేసింది. ఢిల్లీలో లేబర్ కమిషనర్ ముందు కూర్చోగానే వాళ్లను మళ్లీ తీసుకుంది, మిగతావాళ్లు డ్యూటీకి ఒప్పుకున్నారు. మాత్ర మింగకుండానే కుదిరిందంటే ఆ నొప్పి ఒంట్లోది కాదన్నమాట. అసలు బాధేమిటని ముందే అడిగి ఉంటే విమానాలైనా ఎగిరేవి. కాబట్టి మనవి ఒక్కటే: సెలవు ఫారంలో ‘వాన’ అని ఒక గడి, మస్టరులో ‘జ్వరం’ అని ఒక గడి గీయించండి. రెండో దానికి డబ్బు ఖర్చవుతుంది, అది పెట్టి తీరాల్సిన ఖర్చు. మొదటి దాని గురించి ఆర్థికశాఖ బెంగపడక్కర్లేదు. అనంతపురంలో విత్తనానికి పదునైన వాన ఏడాదికి ఎన్నిసార్లు పడుతుందో ఏ రైతునడిగినా చెబుతాడు. ఇంత చవకైన సెలవు ఏ ప్రభుత్వానికీ దొరకదు.