బరాత్ గుర్రానికి పింఛను

ముసలి గుర్రాన్ని ఇంకా ఎందుకు మేపుతున్నారని అడిగేవారిలో అధికులు ఒకప్పుడు అదే గుర్రం ముందు మర్ఫా దరువుకు, అనగా సిద్దీలూ అరబ్బులూ హైదరాబాదుకు తెచ్చిన డప్పుల మోతకు, చొక్కాలు తడిసేలా గంతులు వేసినవారేనన్న సంగతిని పాతబస్తీ పెళ్ళిగుర్రాల పోషణపై వెలువడే ఏ గ్రంథమైనా మొదటి పుటలోనే నమోదు చేయవలసి ఉంటుంది. మోకాళ్ళు పట్టేసే దాకా గుర్రాన్ని బరాత్, అనగా పెళ్ళి ఊరేగింపు, పోషిస్తుంది. ఆ తరువాత యజమాని పోషించాలి. శ్రద్ధగా చూస్తే గుర్రం పాతిక, ముప్పై ఏళ్ళు బతుకుతుంది గనుక, పని మానిన తరువాత కూడా అది ఏళ్ళ తరబడి యజమాని తిండి తినగలదు, యజమాని చుట్టుపక్కలవారి సలహాలు తినగలడు.

అమ్మిపారేయమన్నది మొదటి సలహా. కొనేదెవరో సలహాదారులు చెప్పరు. ఎక్కడైనా వదిలేయమన్నది రెండవది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలోని 11వ సెక్షను, వయసుడిగిన జంతువుచేత పని చేయించడాన్నీ, ఆకలిదప్పులతో మాడేలా దానిని గాలికి వదిలేయడాన్నీ నేరాలుగా ఎంచి, మొదటి తప్పుకు 10 నుంచి 50 రూపాయల జరిమానా నిర్ణయించింది. కనిష్ఠ జరిమానాతో చార్మినారు దగ్గర ఇరానీ చాయ్ కూడా రాదు. నేరం ఇంత చవకగా దొరుకుతున్నప్పుడు ఉలవలు కొనుక్కుంటూ కూర్చున్న యజమానిని గల్లీ అంతా వెర్రివాడి కింద జమకట్టడంలో తర్కం లేకపోలేదు.

పనికిమాలిన శ్రమను గుడ్డిగుర్రం పళ్ళు తోమడమని తెలుగువారు వెక్కిరిస్తారు. ఈ మాట పుట్టించినవారు గుర్రాన్ని సాకి ఉండరు. గుర్రపు దంతాలు ఏటా రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున చిగురు దాటి వస్తూ, మేత నమలడంలో దాదాపు అంతే అరుగుతుంటాయి. పై దవడ కింది దవడకన్నా వెడల్పు కావడంచేత పై దంతాల వెలుపలి అంచులూ, కింది దంతాల లోపలి అంచులూ అరగక ఉలిమొనల్లా మిగిలి, పైవి చెంపను, కిందివి నాలుకను కోస్తాయి. అప్పుడు గుర్రం గడ్డిని నమిలీ నమలక తడి ఉండలుగా నేలమీద రాలుస్తుంది. ఆ మొనలను పొడవాటి ఆకురాయితో రాకడమే చికిత్స. ఇందుకు తల పట్టుకునేవారొకరు, నాలుకను పక్కకు లాగి పట్టేవారొకరు, ఆకురాయి నడిపే వైద్యుడొకరు, గోడలెక్కి "జర దేఖ్‌కే, భాయ్" అని హెచ్చరించేందుకు మిగిలిన మొహల్లా మొత్తం అవసరమవుతారు. వయసు చెప్పేదీ పళ్ళే. పై వరుసలో కొసనున్న కొరుకుడు పంటిమీద గాల్వేన్ గాడి అనే సన్నని చార పదో ఏట చిగురు వద్ద పుట్టి, పదిహేనుకు సగం పంటిదాకా, ఇరవైకి కొసదాకా పాకి, ఆ తరువాత చిగురు వైపునుంచి చెరుగుతూ ముప్పైకి మాయమవుతుంది. అనగా ముప్పై దాటిన గుర్రానికీ, తొమ్మిదేళ్ళ గుర్రానికీ గాడి ఉండదు. శాస్త్రంలోని ఈ వెసులుబాటును గుర్రాల బేరగాళ్ళు గమనించి ఉండరనుకోవడం అమాయకత్వం.

పళ్ళు ఊడితే తవుడు నానబెట్టి జావ చేసి పెట్టాలి. బరువు మోయకపోయినా గిట్టలు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతూనే ఉంటాయి గనుక నాల్‌బందుకు, అనగా గిట్టలు చెక్కి లాడాలు కొట్టేవానికి, కూలి తప్పదు. గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు. కడుపులో శూల లేస్తే అర్ధరాత్రి శాలిబండ గల్లీలో దానిని నడిపిస్తూ తెల్లవారేదాకా కాచుకోవాలి, తెల్లవారాక రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు తీసుకుపోవాలంటే అది ఆటోలో పట్టదు.

ఇక చావు సంగతి. నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం పేరు ఏసీ గార్డ్స్ అనే పేటకు మిగిలింది, గుర్రాలు మిగలలేదు. ధూల్‌పేట వైపున ఘోడే కీ కబర్, అనగా గుర్రపు సమాధి, అనే బస్తీ నేటికీ ఉంది. సమాధి పేరుమీద ఒక బస్తీ వెలిసేంత మర్యాద ఈ నగరంలో ఒక గుర్రానికి దక్కింది. ఇప్పుడు మనుషులకే కబరస్తానులలో చోటు కరువైనచోట మూడు నాలుగు వందల కిలోల కళేబరాన్ని ఎక్కడ పూడ్చాలో యజమాని ముందుగానే ఆలోచించి పెట్టుకోవాలి. కానీ చేతిలోని తవుడు నాకుతున్న జీవి పక్కన నిలబడి ఫోనులో లారీ కిరాయి బేరమాడడం ఎవరికీ చేతకాదు గనుక, ఆ ఏర్పాటు ఎప్పుడూ ఆఖరి నిమిషానికే, రెట్టింపు కిరాయికే కుదురుతుంది.