ఒత్తు

మా సార్ తెలుగు పండితులు. బడిలో ఉన్నన్నాళ్లూ పిల్లల కాపీల్లో ఒత్తు తప్పితే ఎర్రసిరాతో సున్న చుట్టి, ఆ మాట పదిసార్లు రాయించేవారు. రిటైరయ్యాక ఒకరోజు అల్లాదుర్గ్‌లోని నా నెట్ సెంటర్‌కు వచ్చారు.

"ఊరి ముచ్చట్లన్నీ ఒక్కతాన పెడ్దాంరా. ముసలోళ్లు పోతే పాటలు గూడ పోతయి."

బేతాళస్వామి జాతర ఫొటోలు, నాట్లప్పుడు ఆడవాళ్లు పాడే పాటలు, ఇప్పటి పిల్లలెవరికీ తెలియని మాటలు అప్పటికే ఫోన్లో నింపుకుని ఉన్నారు.

సైటు పేరు 'అల్లాదుర్గ్ ముచ్చట్లు' అని వెంటనే తేలింది. తెలుగులోనే పెట్టరాదా అన్నారు. పెట్టొచ్చు. డాట్ ఇన్ పేర్ల బాధ్యత చూసే నిక్సీయే తెలుగు లిపిలో డాట్ భారత్ పేర్లూ ఇస్తోంది. కానీ ఫోన్లో తెలుగు కొట్టడం రానివాళ్లు ఊళ్లో చాలామంది. సార్ ముఖం చిన్నబోయింది. చివరికి ఇంగ్లిషు అక్షరాలతో డాట్ ఇన్‌కే ఒప్పుకున్నారు.

ఇక ఆ అక్షరాలు ఎలా వేయాలన్నదాని మీద రెండు రోజులు గడిచాయి. ఒక బోర్డు మీద అల్లాదుర్గ్, పేపర్లో అల్లాదుర్గం. ఇంగ్లిషులో ఎవరి ఇష్టం వాళ్లది.

"ల కింద ఒత్తుందా లేదా? ఎల్ రెండు పడాల్సిందే. ఒక్కటే ఏస్తే అలాదుర్గ్ అయితది. అది మనూరు గాదు."

రెండు ఎల్‌లతోనే, రెండేళ్లకు డబ్బు కట్టాం. నేను పట్టుబట్టింది ఒక్కటే, యజమాని గడిలో సార్ పేరే ఉండాలని. సైటు చేసిపెట్టినవాడే తన పేరు రాసుకుని తర్వాత ఆడించిన సంగతులు నేను చూశాను. మెయిల్ కూడా సార్‌దే ఇచ్చాం. రోజూ వాడే మెయిల్ వద్దని, దీనికోసమే కొత్తది తెరిపించి, పాస్‌వర్డు డైరీలో రాసుకున్నారు.

వారం తర్వాత మాటల్లో సత్యం ఇన్ఫోవే కేసు చెప్పాను. అది మొదట్లో మన సత్యం కంప్యూటర్స్‌కు పిల్ల కంపెనీగా ఉండేది. 'సిఫీ' పేరుతో వాళ్లు 1999లో డొమైన్లు తీసుకున్నారు. తర్వాత ఇంకొకరు ఒక ఎఫ్ అదనంగా చేర్చి 'సిఫ్ఫీ' పేరుతో తీసుకున్నారు. సుప్రీంకోర్టు దాకా పోయి 2004 మేలో సత్యం వాళ్లు గెలిచారు. డొమైన్ పేరుకు కూడా ట్రేడ్‌మార్కుకున్నట్టే రక్షణ ఉంటుందని కోర్టు తేల్చింది.

"ఒక్క ఒత్తు కోసం సుప్రీంకోర్టా!" సార్ కళ్లు మెరిశాయి. అప్పటికప్పుడు, ఎల్ ఒక్కటే ఉన్న తప్పు పేరును కూడా కొనిపించారు. దాన్నయితే ఏకంగా ఐదేళ్లకు. "దొంగ దూరే సందు ఉండొద్దురా."

సైటు బాగా నడిచింది. బడి గోడ మీద దాని పేరు పెద్ద అక్షరాలతో రాయించారు. దుబాయ్‌లో ఉన్న మా ఊరి పిల్లలు రాత్రిళ్లు పాటలు విని సార్‌కు ఫోన్ చేసేవారు. ఒకడు వాళ్ల నానమ్మ గొంతు విని ఏడ్చాడట.

తర్వాత సార్ మోకాలి ఆపరేషన్‌కని హైదరాబాద్‌లో కూతురింటికి వెళ్లి నాలుగు నెలలున్నారు. ఆ నాలుగు నెలలూ సైటు ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. తిరిగొచ్చి నా షాపులో తెరిస్తే జాతర లేదు, నానమ్మల పాటలు లేవు. తెర నిండా రమ్మీ ముక్కలు.

డైరీ తెప్పించి, ఆ కొత్త మెయిల్ తెరిచాం. రెండేళ్లుగా దాన్నెవరూ ముట్టలేదు. మీ పేరు గడువు ముగుస్తోంది, ముగిసింది, 30 రోజుల్లో విడిపించుకోండి. అన్నీ చదవని ఉత్తరాలే. ఆ 30 రోజులూ ఎప్పుడో దాటాయి. ఆ తర్వాత పేరు ఎవరు ముందొస్తే వాళ్లది.

"సుప్రీంకోర్టు తీర్పుంది గదరా?"

"అది మన పేరు ఎత్తుకపోయినోళ్ల మీద సార్. మనమే వదిలేసుకున్నం."

సార్ చాలాసేపు మాట్లాడలేదు. పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో భద్రంగానే ఉన్నాయి, పెట్టడానికి పేరే లేదు.

"ఇంకోటి కొన్నం గదా... అది ఉన్నదా?"

చూశాను. ఉంది. ఇంకా రెండేళ్ల పైచిలుకు గడువుంది.

మర్నాడు పొద్దున పెయింటర్‌ను పిలిచి, బడి గోడ మీది ఊరి పేరులోంచి ఒక ఎల్‌ను సారే దగ్గరుండి చెరిపించారు.